గానుగ మెషీన్ మొరాయిస్తోందా? నట్టు బిగించే ముందు ఇవి చూడండి.. కర్లపాలెం ఇసుక నేలల్లో అసలు శత్రువు ఇదే!

మోటారు తిరుగుతోంది, నూనె మాత్రం రావట్లేదు. పిండి చెక్క ముద్దలా జారిపోతోంది. లేదంటే ఉన్నట్టుండి గానుగ బిగుసుకుపోయి మోటారు మూలుగుతోంది. వేరుశనగ నూనె ఆడించే చిన్న గానుగ యూనిట్లలో దాదాపు అందరికీ ఎదురయ్యే ఇబ్బందులే ఇవి. ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని.. స్పానర్ తీసుకుని చివర ఉన్న కోన్ నట్టును ఇంకాస్త బిగించడం. ఎక్కువ నష్టం జరిగేది కూడా అక్కడే. లోపం చాలాసార్లు నట్టులో ఉండదు. గింజలోని తేమలోనో, గింజతో పాటు వచ్చిన ఇసుకలోనో, కరెంటు లైన్‌లోనో, బెల్టులోనో ఉంటుంది. మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు యజమాని సొంతంగా ఏం చూసుకోవచ్చు? ఏం ముట్టుకోకూడదు? వివరంగా తెలుసుకుందాం.

కర్లపాలెం ప్రాంతంలో ఎందుకంత ముఖ్యం?

బాపట్ల జిల్లా తీరం వెంబడి చీరాల, వేటపాలెం నుంచి బాపట్ల, కర్లపాలెం వరకు ఇసుక నేలలు ఉన్నాయి. ఒకప్పుడు దొరువులు తవ్వి, ఆ నీటితో పైర్లు పండించిన నేలలివి. వేరుశనగకు ఈ నేల బాగా నప్పుతుంది. ఊడ తేలిగ్గా నేలలోకి దిగుతుంది, కాయ బాగా ఊరుతుంది, పీకేటప్పుడు మొక్క సులువుగా వచ్చేస్తుంది.

అయితే కాయతో పాటు ఇసుక కూడా ఇంటికొస్తుంది. కాయ మీది గీతల్లో, పగిలిన తొక్కల్లో ఇసుక రేణువులు ఇరుక్కుని ఉంటాయి. కాయలు వలిచే మిషన్‌లో వేసినప్పుడు అవి గుళ్లతో కలిసిపోతాయి. కంటికి ఆనవు కానీ గానుగలోకి వెళ్లాక ఆకురాయిలా పనిచేస్తాయి. ఉక్కు షాఫ్ట్‌ను రోజూ కొంచెం కొంచెంగా అరగదీస్తాయి.

రెండో సమస్య సముద్రపు గాలి. బాగా ఎండిన గుళ్లు కూడా గోనె సంచిలో నెల రోజులుంటే గాల్లో తేమను పీల్చుకుంటాయి. వానాకాలంలో అయితే చెప్పక్కర్లేదు. నిన్నటిదాకా బాగా ఆడిన గానుగ ఇవాళ ఆడకపోతే, మారింది మెషీన్ కాకపోవచ్చు.. గింజ!

ముందు మెషీన్ ఎలా పనిచేస్తుందో చూద్దాం

ఇప్పుడు చిన్న యూనిట్లలో రెండు రకాల గానుగలు కనిపిస్తాయి. ఒకటి స్క్రూ గానుగ. దీన్నే ఎక్స్‌పెల్లర్ అంటున్నారు. అమెరికాకు చెందిన వలేరియస్ ఆండర్సన్ 1900లో పేటెంట్ పొందిన యంత్రమే దీనికి మూలం. రెండోది చెక్క గానుగ. ఎద్దు తిప్పిన పాత గానుగకే మోటారు, గేర్‌బాక్స్ తగిలించిన రూపం. 1934లో వార్ధాలో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పాత గానుగలను మెరుగుపరిచే పని చేపట్టింది. వార్ధా గానుగ అలా వచ్చిందే.

స్క్రూ గానుగలో హాపర్ నుంచి గింజ కిందికి దిగుతుంది. స్క్రూ షాఫ్ట్ దాన్ని ముందుకు నెడుతుంది. షాఫ్ట్ చుట్టూ ఇనుప పట్టీలతో చేసిన కేజ్ ఉంటుంది. ముందుకు వెళ్లేకొద్దీ జాగా తగ్గి, ఒత్తిడి పెరుగుతుంది. నూనె పట్టీల సందుల్లోంచి కారుతుంది. పిండి చెక్క చివర్లో ఉన్న సన్నటి దారి గుండా బయటకొస్తుంది. ఆ దారిని వెడల్పు చేసేది, ఇరుకు చేసేది కోన్ నట్టు.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఒత్తిడి పుట్టేది నట్టు వల్ల మాత్రమే కాదు. గింజకు, కేజ్‌కు మధ్య రాపిడి ఉంటేనే షాఫ్ట్ గింజను ముందుకు నెట్టగలదు. ఆ పట్టు లేకపోతే గింజ షాఫ్ట్‌తో పాటే గుండ్రంగా తిరుగుతుంది తప్ప ముందుకు కదలదు. అప్పుడు నట్టు ఎంత బిగించినా ఫలితం ఉండదు. పైగా షాఫ్ట్, బేరింగులు, గేర్‌బాక్స్.. అన్నింటి మీదా భారం పడుతుంది.

ఏం ముట్టుకోవాలన్నా ముందు ఇది తప్పనిసరి

- మెషీన్ స్విచ్ ఆపితే సరిపోదు, మెయిన్ కూడా ఆపాలి. ఫ్యూజు తీసి జేబులో పెట్టుకుంటే ఇంకా మంచిది. లోపల చెయ్యి ఉండగా వేరొకరు వచ్చి స్విచ్ వేస్తే ప్రమాదం రెప్పపాటులో జరిగిపోతుంది.
- హాపర్‌లో గింజ అడ్డుపడితే వేలు పెట్టొద్దు. ఇనుప చువ్వ అసలే వద్దు. చెక్క పుల్లే వాడాలి, అది కూడా షాఫ్ట్‌ను తాకేంత పొడుగు ఉండకూడదు.
- చీర కొంగు, చున్నీ, కండువా, వదులు లుంగీ, జడ.. ఇవన్నీ బెల్టు లాక్కునేవే. బెల్టుకు గార్డు లేకుండా మెషీన్ నడపొద్దు.
- ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాలి. నూనె మరకలు, తడి నేల ఉన్నచోట షాక్ ప్రమాదం ఎక్కువ.

ఇక లక్షణాన్ని బట్టి లోపం ఎక్కడుందో చూద్దాం.

1. మోటారు మూలుగుతోంది, తిరగడం లేదు

వెంటనే స్విచ్ ఆపేయాలి. ఇలా ఎక్కువసేపు ఉంచితే వైండింగ్ కాలిపోతుంది. కారణాలు మూడు ఉండొచ్చు.

మొదటిది, త్రీ ఫేజ్ లైన్‌లో ఒక ఫేజ్ పోవడం. ఫేజ్ పోతే ఆగి ఉన్న మోటారు మూలుగుతుంది తప్ప కదలదు. నడుస్తున్న మోటారు అయితే మిగిలిన రెండు ఫేజ్‌ల మీద భారం మోస్తూ వేడెక్కి కాలుతుంది. దీన్ని ఆపడానికే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, ఓవర్‌లోడ్ రిలే ఉన్నాయి. రిలేను మోటారు నేమ్ ప్లేట్ మీద రాసి ఉన్న ఆంపియర్లకే సెట్ చేయాలి. ఊరికే ట్రిప్ అవుతోందని రిలే సెట్టింగ్ పెంచేయడం అంటే, కాపలా కుక్క మొరుగుతోందని దాన్ని వదిలించుకోవడమే.

రెండోది, లో ఓల్టేజ్. ఓల్టేజ్ మీటర్ చూస్తే తెలిసిపోతుంది.

మూడోది, గానుగ లోపలే బిగుసుకుపోవడం. కరెంటు పూర్తిగా తీసి, బెల్టు విప్పి, మోటారు పుల్లీని చేత్తో తిప్పి చూడాలి. మోటారు తేలిగ్గా తిరిగి, గానుగ పుల్లీ కదలకపోతే లోపం గానుగలోనే ఉన్నట్టు.

2. మోటారు బాగానే తిరుగుతోంది, గింజ లోపలికి లాగట్లేదు

ముందు తిరిగే దిశ చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో, స్తంభం దగ్గరో లైన్ పని జరిగాక రెండు ఫేజ్‌లు తారుమారైతే త్రీ ఫేజ్ మోటారు వెనక్కి తిరుగుతుంది. అప్పుడు షాఫ్ట్ గింజను ముందుకు నెట్టదు. మోటారు మీద బాణం గుర్తు లేకపోతే పెయింట్‌తో ఒకటి వేసుకోవాలి. లైన్‌మెన్ వచ్చి వెళ్లిన ప్రతిసారీ గింజ వేయకముందే ఒక్క క్షణం తిప్పి చూస్తే చాలు.

దిశ సరిగ్గానే ఉంటే బెల్టు చూడాలి. రబ్బరు మాడిన వాసన, కీచుమనే శబ్దం వస్తుంటే బెల్టు జారుతున్నట్టు. ఆపి ఉంచినప్పుడు బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం అటూఇటూ దిగాలి. అంతకంటే బాగా దిగితే వదులు. అసలు దిగకపోతే బిగువు ఎక్కువ, బేరింగులు పాడవుతాయి. రెండు మూడు బెల్టులున్న మెషీన్‌లో ఒకటే మార్చొద్దు. కొత్తది పొట్టిగా, పాతవి సాగి ఉంటాయి కాబట్టి భారమంతా కొత్తదాని మీదే పడుతుంది. సెట్ మొత్తం మార్చాలి.

బెల్టు పదేపదే పక్కకు జారిపోతుంటే పుల్లీలు ఒకే వరుసలో లేవన్నమాట. రెండు పుల్లీల అంచుల వెంట ఒక దారం లాగి పట్టుకుంటే తేడా కనిపిస్తుంది. ఇసుక నేల మీద సరైన కాంక్రీట్ దిమ్మె లేకుండా మెషీన్ పెట్టినచోట ఇది మామూలే. అదురుకు నేల కుంగి, మోటారు ఓ పక్కకు ఒరుగుతుంది. బోల్టులు బిగిస్తే నాలుగు రోజులే. దిమ్మె సరిచేస్తేనే అసలు పరిష్కారం.

3. పిండి చెక్క మెత్తగా, ముద్దలా వస్తోంది

ఇది తేమ ఎక్కువైందనడానికి గుర్తు. వేరుశనగ గుళ్లలో తేమ సుమారు 6 నుంచి 7 శాతం ఉంటే స్క్రూ గానుగ బాగా ఆడుతుంది. అంతకు మించితే గింజ నలిగి పేస్టులా మారి షాఫ్ట్‌తో పాటే తిరుగుతుంది. నూనె నురగగా, పాలలా మసగ్గా వస్తుంది. కొన్నిసార్లు హాపర్ వైపుకే నూనె ఎగదన్నుతుంది.

ఇక్కడ నట్టు బిగిస్తే పని మరింత చెడుతుంది. గుళ్లను పలుచగా పరిచి ఎండబెట్టడమే మందు. ఎంత ఎండాలో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. 10 శాతం తేమ ఉన్న 100 కిలోల గుళ్లు 7 శాతానికి దిగేసరికి సుమారు 97 కిలోలవుతాయి. అంటే తేమ మీటర్‌తో మొదట ఒకసారి చూసుకుని, ఒక పళ్లెంలో తూకం వేసిన గుళ్లను అదే ఎండలో ఉంచి మధ్యమధ్యలో తూచుతుంటే చాలు.. ఎప్పుడు ఆపాలో తెలిసిపోతుంది.

తేమ సరిగ్గానే ఉన్నా జారుతోందా? గుళ్లు మరీ నున్నగా, పొట్టు ఏమాత్రం లేకుండా ఉంటే కూడా పట్టు దొరకదు. మొదట ఆడిన పిండి చెక్కను కొంచెం కలిపి వేస్తే రాపిడి పెరుగుతుంది. కాయ తొక్క కొద్దిగా కలిపేవాళ్లూ ఉన్నారు. కానీ ఇసుక నేలల్లో పండిన కాయ తొక్కను జల్లించకుండా కలిపితే, ఇసుకను చేజేతులా గానుగలో పోసినట్టే.

4. చెక్క పొడిపొడిగా రాలుతోంది, మాడు వాసన వస్తోంది

ఇది దానికి పూర్తిగా రివర్స్. గింజ మరీ ఎండిపోయింది, లేదా నట్టు బిగువు ఎక్కువైంది. నూనె రంగు ముదురుతుంది, మోటారు ఎక్కువ ఆంపియర్లు తీసుకుంటుంది, కేజ్ దగ్గర పొగ కూడా రావొచ్చు. ముందు నట్టును పావు చుట్టు వదులు చేసి చూడాలి. తగ్గకపోతే 100 కిలోల గుళ్లకు ఒకటి రెండు లీటర్ల నీళ్లు సన్నగా చిలకరించి, బాగా కలిపి, కప్పి ఉంచాలి. తేమ లోపలికి ఇంకాకే ఆడించాలి. తడి పైపైన ఉండగానే వేస్తే మళ్లీ మూడో సమస్య మొదలవుతుంది.

'కోల్డ్ ప్రెస్డ్' అని అమ్మేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. హీటర్ వేయకపోయినా రాపిడికి కేజ్ వేడెక్కుతుంది. నట్టు అతిగా బిగిస్తే ఆ వేడి ఇంకా పెరుగుతుంది. సీసా మీద రాసిన పేరుకు, లోపల ఉన్న నూనెకు పొంతన ఉండదు.

5. నూనెలో మడ్డి ఎక్కువగా వస్తోంది

కొత్త మెషీన్‌లోనూ కొంత మడ్డి వస్తుంది. నూనెను కదపకుండా ఉంచితే అడుగున పేరుకుంటుంది, పైది వడకట్టుకోవచ్చు. కానీ ముందు కంటే మడ్డి బాగా పెరిగి, పట్టీల సందుల్లోంచి పిండి సేమ్యాలా బయటకొస్తుంటే రెండు అనుమానాలు. ఒకటి గింజ పొడిబారడం. రెండోది, అరుగుదల.

తేమ సరిగ్గా ఉండి కూడా మడ్డి తగ్గకపోతే కేజ్ విప్పి చూడాల్సిందే. షాఫ్ట్‌లో ముందుగా అరిగేది చెక్క బయటకొచ్చే చివరి భాగం. ఒత్తిడి ఎక్కువగా ఉండేది అక్కడే కదా. మరల అంచులు పదునుగా, నలుచదరంగా ఉండాల్సింది పోయి గుండ్రంగా, నున్నగా కనిపిస్తే అరిగిపోయినట్టు. పట్టీల అంచులూ అంతే. కొత్త షాఫ్ట్ కొన్న రోజే చివరి మర వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి గోడ మీద రాసి పెట్టుకుంటే, ఎంత అరిగిందో తర్వాత ఊహించాల్సిన పని ఉండదు.

అరిగిన మరలను హార్డ్‌ఫేసింగ్ వెల్డింగ్‌తో నింపి లేత్ మీద సైజుకు తెస్తారు. బాపట్ల, తెనాలి లాంటి పట్టణాల్లో లేత్ వర్క్‌షాపులు ఉన్నాయి. అయితే వెల్డింగ్ వేడికి షాఫ్ట్ వంగకుండా చూసుకోవాలి. షాఫ్ట్ మొత్తం మార్చక్కర్లేకుండా చివరి ముక్క మాత్రమే విడిగా దొరికే మోడల్ అయితే ఖర్చు తగ్గుతుంది. మెషీన్ కొనేటప్పుడే ఈ సంగతి అడగాలి.

దీనికి నివారణ మాత్రం చాలా చవక. వలిచే ముందు కాయను జల్లించాలి. వలిచాక గుళ్లను మరోసారి సన్న జల్లెడ పట్టాలి. తూర్పారబట్టాలి. హాపర్ దగ్గర ఒక అయస్కాంతం పెడితే మేకులు, నట్లు, తీగ ముక్కలు దానికి అతుక్కుంటాయి. పది నిమిషాలు జల్లెడ పడితే షాఫ్ట్‌కు ఎన్నో నెలల ఆయుష్షు కలిసొస్తుంది.

6. గానుగ పూర్తిగా బిగుసుకుపోయింది

ఎక్కువగా కరెంటు పోయినప్పుడే ఇలా జరుగుతుంది. మెషీన్ నడుస్తుండగా కరెంటు పోతే కేజ్ నిండా వేడి పిండి ఉండిపోతుంది. చల్లారితే రాయిలా గట్టిపడుతుంది. కరెంటు రాగానే మెషీన్ తనంతట తాను మొదలవ్వబోయి, కదల్లేక మోటారు కాలుతుంది.

అందుకే కరెంటు పోగానే చేయాల్సిన పనులు:

- స్విచ్, మెయిన్ రెండూ ఆపాలి.
- వేడి తగ్గకముందే కోన్ నట్టును బాగా వదులు చేయాలి.
- హాపర్ గేటు మూసేయాలి.
- బెల్టు పట్టుకుని కాకుండా, పుల్లీని చేత్తో అటూఇటూ తిప్పి పిండిని వదులు చేయాలి.

అప్పటికే గట్టిపడిపోతే బలప్రయోగం వద్దు. మోటారును వెనక్కి తిప్పి వదిలించే ప్రయత్నం కంపెనీ మాన్యువల్‌లో రాసి ఉంటేనే చేయాలి. కొన్ని మోడళ్లలో వెనక్కి తిప్పితే లాక్ నట్లు ఊడిపోతాయి. కేజ్ విప్పి, పిండిని చెక్క ముక్కతోనో ఇత్తడి ముక్కతోనో రాల్చాలి. షాఫ్ట్ మీద సుత్తి దెబ్బ పడకూడదు. గ్యాస్ మంట పెట్టి వేడి చేయడం మరీ ప్రమాదం. నూనె పిండి అంటుకుంటుంది, ఇనుము గట్టిదనం కూడా పోతుంది.

రోజూ పని ముగించేటప్పుడు కూడా ఇదే సూత్రం. గింజ వేయడం ఆపి, నట్టు వదులు చేసి, లోపలి పిండి మొత్తం బయటకొచ్చాకే మెషీన్ ఆపాలి. పొద్దున మొదలుపెట్టేటప్పుడు నట్టు వదులుగా ఉంచి, నిన్నటి పిండి చెక్కను గుళ్లతో కలిపి కొద్దికొద్దిగా వేస్తూ, కేజ్ వేడెక్కాక మెల్లగా బిగించాలి. ఖాళీగా మాత్రం ఎక్కువసేపు తిప్పొద్దు. మధ్యలో గింజ లేకపోతే ఇనుము ఇనుమును తింటుంది.

7. గరగర శబ్దం, విపరీతమైన వేడి

శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో ముందు తేల్చుకోవాలి. బెల్టు తీసి మోటారు ఒక్కదాన్నే నడిపితే శబ్దం ఉంటే అది మోటారు బేరింగ్. లేకపోతే గేర్‌బాక్స్, లేదా గానుగ బేరింగ్.

మెషీన్ ఆపిన వెంటనే బేరింగ్ పైభాగం మీద చెయ్యి పెట్టి చూస్తే, రెండు మూడు సెకన్లు కూడా ఉంచలేకపోతే వేడి ఎక్కువైనట్టే. గ్రీజు లేకపోయినా వేడెక్కుతుంది, అతిగా కూరినా వేడెక్కుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ లెవెల్ వారానికోసారి చూడాలి. ఆయిల్ పాలలా తెల్లగా మారితే నీరు చేరినట్టు, మెరిసే ఇనుప రజను కనిపిస్తే పళ్లు అరుగుతున్నట్టు. సీల్ నుంచి ఆయిల్ కారి పిండి వైపు వస్తుంటే మెషీన్ వెంటనే ఆపాలి. అది మనుషులు తినే నూనెలో కలుస్తుంది. ఆ దగ్గర్లో వాడే గ్రీజు ఫుడ్ గ్రేడ్ అయి ఉండాలి.

చెక్క గానుగ అయితే ఏం చూడాలి?

మోటారు చెక్క గానుగలో సాధారణంగా రోలు తిరుగుతుంది, రోకలి ఒరిగి నిలబడి ఉంటుంది. వేగం చాలా తక్కువ. ఇక్కడ ఇబ్బందులు వేరు.

పిండి రోలు గోడకు పట్టకుండా జారుతుంటే తడి తేడా చూడాలి. ఈ పద్ధతిలో గుళ్లు నలిగాక కొద్దిగా నీళ్లు చల్లుతారు. తక్కువైతే పిండి పొడిగా ఉండి నూనె విడదు. ఎక్కువైతే నూనె, నీళ్లు, పిండి కలిసిపోయి మసక నూనె వస్తుంది, అది త్వరగా పాడవుతుంది కూడా. ఒకేసారి పోయకుండా చిలకరిస్తూ చూడటమే పద్ధతి.

రోకలి మీద ఒత్తిడి పెట్టే బరువు, లేదా స్ప్రింగ్ సరిగ్గా ఉందా? తక్కువైతే నూనె తగ్గుతుంది, ఎక్కువైతే మాడు వాసన వస్తుంది, గేర్‌బాక్స్ వేడెక్కుతుంది. రోకలి కింది భాగం ఒక వైపే అరిగితే రోలు మధ్యలో సరిగా కూర్చోలేదన్నట్టు.

చెక్కకు నీళ్లతో కడగడం, ఎండలో పెట్టడం రెండూ పడవు. పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లలో పాత పిండి ఇరుక్కుని ముక్కిపోతుంది. తాజా నూనెకు పాత కంపు అంటుకునేది అక్కడే. పని అయిన వెంటనే గీరి, పొడి గుడ్డతో తుడిచి, నాలుగు రోజులు వాడకపోతే లోపల నూనె రాసి ఉంచాలి.

చిన్న లోపం.. నెలకు ఎంత నష్టం?

వేరుశనగ గుళ్లలో నూనె 45 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. చిన్న గానుగలో అదంతా రాదు. ఉదాహరణకు 100 కిలోల గుళ్లకు 40 కిలోల నూనె వస్తోందనుకుందాం. లీటరు వేరుశనగ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి అది దాదాపు 44 లీటర్లు. షాఫ్ట్ అరిగో, తేమ ఎక్కువయ్యో అది 36 కిలోలకు పడిపోతే 4.4 లీటర్లు తగ్గినట్టు. లీటరు 200 రూపాయలు అనుకున్నా క్వింటాలుకు 880 రూపాయలు. రోజుకో క్వింటాలు చొప్పున నెలకు 25 రోజులు ఆడితే 22 వేలు! ఆ నూనె పిండి చెక్కలో ఉండిపోతుంది కాబట్టి చెక్క ధరలో కొంత తిరిగొస్తుంది. కానీ నూనె ధర ఎక్కడ, చెక్క ధర ఎక్కడ?

ఈ నష్టం కంటికి కనిపించదు. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టుకోవాలి. రోజూ నాలుగు అంకెలు చాలు.. వేసిన గుళ్ల బరువు, వచ్చిన నూనె బరువు, వచ్చిన చెక్క బరువు, మోటారు తీసుకున్న ఆంపియర్లు. నూనె తగ్గి, చెక్క బరువు పెరిగితే లోపం మొదలైనట్టే. మెషీన్ ఆగిపోయే దాకా ఎదురు చూడక్కర్లేదు.

2020లో కేంద్రం ప్రారంభించిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు బ్యాంకు రుణంతో ముడిపెట్టిన సబ్సిడీని నిర్ణయించారు. సబ్సిడీ పోను మిగిలింది కట్టాల్సిన అప్పే. మెషీన్ నెలలో పది రోజులు మూలన పడితే కిస్తీ ఆగదు. మరమ్మతు తెలియడం ఇక్కడ హాబీ కాదు, ఆదాయం.

ఏ రిపేరూ సరిచేయలేని లోపం ఒకటుంది

అది బూజు. తడిసిన, నల్లబడిన, ముడతపడిన గుళ్లలో పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, క్యాన్సర్‌కు కారణమవుతుంది. గానుగ ఆడినా, వేడి చేసినా ఈ విషం పూర్తిగా పోదు. ఎక్కువ భాగం పిండి చెక్కలో ఉండిపోతుంది, కొంత నూనెలోకి వస్తుంది. ఆ చెక్క తిన్న పాడి పశువుల పాలలోకీ చేరుతుంది.

ఈ విషం ప్రపంచానికి తెలిసింది కూడా వేరుశనగ చెక్క వల్లనే. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని రోగంతో చనిపోయాయి. ఆరా తీస్తే, బ్రెజిల్ నుంచి దిగుమతి చేసుకున్న వేరుశనగ పిండి దాణాలో బూజు విషం ఉన్నట్టు తేలింది.

కాబట్టి ఏరివేతలో పక్కన పెట్టిన గుళ్లను 'చెక్కకే కదా' అని గానుగలో వేయొద్దు. ఇసుక మెషీన్‌ను తింటుంది. బూజు, తినేవాళ్లను దెబ్బతీస్తుంది.

మెకానిక్‌ను ఎప్పుడు పిలవాలి?

గేర్‌బాక్స్ పళ్ల శబ్దం, వంగిన షాఫ్ట్, కాలిన వైండింగ్, పగిలిన కేజ్, ఎర్తింగ్ లోపం.. ఇవి సొంతంగా చేసుకునే పనులు కావు. వారంటీ ఉన్న మెషీన్‌ను కంపెనీకి చెప్పకుండా విప్పితే వారంటీ కూడా పోవచ్చు. పిలిచే ముందు పిండి చెక్క నమూనా, నూనె నమూనా, నోట్‌బుక్ సిద్ధంగా ఉంచుకోవాలి. ఫోన్‌లో శబ్దాన్ని వీడియో తీసి పంపినా సగం పని అయిపోతుంది. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల, 1983 నుంచి వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల ఉన్నాయి. పంట కోత తర్వాతి యంత్రాలపై పరిశోధన జరిగే ఊరు కర్లపాలెానికి పక్కనే ఉండటం ఇక్కడి యూనిట్లకు కలిసొచ్చే విషయం.

ఒక్క చూపులో.. ఈ వరుసలోనే వెతకండి

1. కరెంటు: మూడు ఫేజ్‌లు ఉన్నాయా? ఓల్టేజ్ సరిపోతోందా? మోటారు సరైన దిశలో తిరుగుతోందా?
2. బెల్టు: వదులైందా? పుల్లీలు ఒకే వరుసలో ఉన్నాయా?
3. గింజ: తేమ 6-7 శాతం ఉందా? ఇసుక జల్లించారా? బూజు గుళ్లు ఏరేశారా?
4. పిండి చెక్క: ముద్దగా ఉంటే తేమ ఎక్కువ. పొడిగా, మాడుగా ఉంటే తేమ తక్కువ లేదా బిగువు ఎక్కువ.
5. నూనె: మసగ్గా ఉంటే తేమ ఎక్కువ. మడ్డి పెరిగితే గింజ పొడిబారడం లేదా అరుగుదల.
6. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే కోన్ నట్టు. అది కూడా ఒకసారికి పావు చుట్టే. తిప్పాక కాసేపు ఆడించి, చెక్క ఎలా వస్తోందో చూసి, ఆ తర్వాతే ఇంకో పావు చుట్టు.

ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒకటి మార్చి, చూసి, రాసుకుని, తర్వాత ఇంకోటి. స్పానర్ ఎప్పుడూ చివరి ఆయుధమే. జల్లెడ, తూకం, నోట్‌బుక్.. ఈ మూడూ దానికంటే ముందు రావాలి.